మన్నింపు ఎదుటివాడికి, లెక్క నాకు

మనం చేసిన తప్పు మన కళ్లకు ఎప్పుడూ ఒంటరిగా కనిపించదు. ఆ రోజు ఒంట్లో నలతగా ఉండటం, ఇంట్లో గొడవ, పైవాళ్ల ఒత్తిడి, చేతిలో డబ్బు ఆడకపోవడం, ఇవన్నీ దాని వెంట వచ్చి దాని తరఫున సాక్ష్యం చెబుతాయి. ఎదుటివాడి తప్పుకు మాత్రం సాక్షులెవరూ ఉండరు. అతను మాట తప్పాడు, బాకీ తీర్చలేదు, పెళ్లికి పిలవలేదు. మనకు తెలిసింది అంతే కాబట్టి తీర్పు కూడా వెంటనే వచ్చేస్తుంది. తప్పులెన్నువారు తమ తప్పులెరుగరన్న మాట తెలుగు పిల్లలకు బడిలోనే అబ్బుతుంది. అయితే ఎరగడానికి ఏం చెయ్యాలో, ఎరిగాక ఎవరి గడప తొక్కాలో, ఎన్నిసార్లు తొక్కాలో ఆ పద్యం చెప్పదు. ఆ పని యూదు గ్రంథాలు చేశాయి. నేను యూదుణ్ని కాను. యూదుల ధర్మచర్చల గ్రంథమైన తాల్ముద్‌ను అనువాదాల్లో, వ్యాఖ్యానాల సాయంతో చదువుకుంటున్న తెలుగువాణ్ని. ఇతరుల తప్పుకు మంచి కారణం వెతకమని, తన తప్పుకు సాకు వెతకవద్దని ఆ సంప్రదాయం చెప్పే మాటను చాలామంది ఒక మెత్తటి నీతిగా తీసుకుంటారు. నాకు అది మెత్తటిదిగా తోచదు. ఎవరి గురించి ఎవరికి ఎంత తెలుసునన్న వాస్తవం మీద కట్టిన నియమం అదని, దాన్ని ఎవరికి వారు తమ మీద పెట్టుకోవాలే తప్ప ఇంకొకరి నెత్తిన రుద్దకూడదని నా అభిప్రాయం.

తాల్ముద్ చర్చలకు మూలమైన ధర్మసంహిత మిష్నాలో పిర్కె అవోత్ అనే భాగం ఉంది. పెద్దలు తరతరాలుగా శిష్యులకు అప్పగించిన మాటల కూర్పు అది. దాని మొదటి అధ్యాయంలో, క్రీస్తుపూర్వం 2వ శతాబ్దానికి చెందిన యెహోషువ బెన్ పెరహ్యా మూడు మాటలు చెబుతాడు: నీకొక గురువును ఏర్పరచుకో, ఒక స్నేహితుణ్ని సంపాదించుకో, ప్రతి మనిషినీ మంచివైపు మొగ్గేలా తూచు. మూడో మాట మొదటి రెండింటి పక్కన ఉండటం కాకతాళీయం కాదనిపిస్తుంది, ఎందుకంటే ఏళ్ల తరబడి దగ్గరగా మసిలేవాళ్ల తప్పులే మనకు ఎక్కువగా కనబడతాయి, ఆ మూడోది లేకపోతే గురువూ నిలవడు, స్నేహితుడూ నిలవడు. ఈ మాటకు 12వ శతాబ్దంలో యూదు పండితుడు మైమోనిడెస్ హద్దులు గీశాడు. ముక్కూ మొహం తెలియని మనిషి చేసిన పనికి రెండు అర్థాలూ వచ్చేలా ఉంటే మంచి అర్థమే తీసుకోవాలి. మంచివాడని పేరుపడ్డ మనిషి చేసిన పని చెడ్డదిగా కనిపించినా, ఎంత దూరపు అవకాశమైనా సరే, మంచి కారణం ఉందేమో చూడాలి. దుర్మార్గుడని తేలినవాడి దగ్గర మాత్రం జాగ్రత్తగానే ఉండాలి. అంటే కళ్లు మూసుకొమ్మని ఈ సంప్రదాయం ఏనాడూ అనలేదు.

ఈ నియమం మనుషుల మధ్య ఎలా నడుస్తుందో తాల్ముద్‌లోని షబ్బాత్ భాగం 127వ పత్రంలో ఒక కథ ఉంది. ఎగువ గలిలయ నుంచి వచ్చిన ఒక మనిషి దక్షిణాన ఒక ఆసామి దగ్గర మూడేళ్లు కూలికి పనిచేశాడు. యూదులు ఉపవాసముండి పాపాలు ఒప్పుకునే యోమ్ కిప్పూర్‌కు ముందురోజు, "నా కూలి ఇప్పించండి, వెళ్లి పెళ్లాం పిల్లలను పోషించుకుంటాను" అని అడిగాడు. డబ్బు లేదన్నాడు ఆసామి. పోనీ పంట ఇవ్వండి అన్నాడు. లేదు. భూమి? లేదు. పశువులు? లేవు. దిండ్లూ దుప్పట్లూ అయినా ఇవ్వండి. అవీ లేవు. కూలివాడు తన మూట వీపున వేసుకుని ఉసూరుమంటూ ఇంటిదారి పట్టాడు. పండుగ వెళ్లాక ఆసామి అతని కూలి చేతపట్టుకుని, ఒక గాడిద మీద తిండి, ఒక దాని మీద పానీయాలు, ఇంకొక దాని మీద మిఠాయిలు వేయించుకుని అతని ఇంటికి వెళ్లాడు. ఇద్దరూ తిన్నారు, తాగారు, ఆసామి కూలి చెల్లించాడు. అప్పుడు అడిగాడు: "డబ్బు లేదని నేనన్నప్పుడు నా మీద ఏమని అనుమానపడ్డావు?" "చవగ్గా ఏదో సరుకు దొరికితే దానికి పెట్టేశారేమో అనుకున్నాను." "పశువులు లేవన్నప్పుడు?" "ఎవరికో అద్దెకు ఇచ్చి ఉంటారనుకున్నాను." "భూమి?" "కౌలుకు ఇచ్చి ఉంటారు." "పంట?" "దేవుడి వాటాగా తీయవలసిన దశమభాగం ఇంకా తీసి ఉండరు." "దిండ్లూ దుప్పట్లూ లేవంటే?" "ఆస్తంతా దేవుడికి అర్పించేశారేమో అనుకున్నాను." ఆసామి ఒట్టు పెట్టి చెప్పాడు, సరిగ్గా అలాగే జరిగిందని. కొడుకు హిర్కనుస్ తోరా (ధర్మశాస్త్రం) చదువు పట్టించుకోలేదన్న కారణంతో ఆస్తినంతా మొక్కుగా వదిలేశాడట, తరువాత దక్షిణాన ఉన్న తన సహచరులు ఆ మొక్కులన్నిటినీ రద్దు చేశారట. "నువ్వు నన్ను మంచివైపు తూచినట్టే దేవుడు నిన్నూ మంచివైపు తూచుగాక" అన్నాడు.

ఈ కథను కూలివాడి ఓర్పుకు ఉదాహరణగా చెప్పడం రివాజు. నేను రెండు విషయాల దగ్గర ఆగుతాను. మొదటిది, ఆ కూలివాడు అడగడం మానలేదు. డబ్బు దగ్గర మొదలుపెట్టి దుప్పట్ల దాకా ఐదుసార్లు అడిగాడు. తనకు రావలసింది రావలసిందేనన్న సంగతిలో అతను ఇసుమంత తగ్గలేదు. అతను తగ్గించుకున్నది ఎదుటి మనిషి మీద వేయబోయే ముద్రను మాత్రమే. పైగా అతని ఊహలు గాలిలో మేడలు కావు. సరుకు బేరం, పశువుల అద్దె, కౌలు, దశమభాగం, ఇవన్నీ మూడేళ్లు ఆ పొలంలో పనిచేసినవాడికి తెలిసిన లోపలి సంగతులు. మా వైపు మిరప కోతల రోజుల్లో కూలి ఆలస్యమైతే కోతకు వచ్చిన ఆడవాళ్లు చాలాసార్లు తిట్టరు. "టిక్కీలు (మిరప బస్తాలు) యార్డుకు పోయినా కొట్టు నుంచి డబ్బు వచ్చి ఉండదులే" అనుకుంటారు. కమీషన్ ఏజెంటు దగ్గర రైతు డబ్బు ఎలా ఇరుక్కుంటుందో వాళ్లకు తెలుసు కాబట్టి అలా అనగలుగుతారు. మంచివైపు తూచడానికి మంచి మనసొక్కటే చాలదు, ఎదుటివాడి బతుకు ఎలా నడుస్తుందో కొంత తెలిసి ఉండాలి. తెలియనివాడి దయ త్వరగా అయిపోతుంది.

రెండోది ఆసామి సంగతి. ఆ రోజు అతను చేసినది చిన్న పొరపాటు కాదు. కూలివాడి కూలి తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోకూడదని లేవీయకాండము 19వ అధ్యాయం, పొద్దు గుంకకముందే ఇచ్చెయ్యాలని, అతను బీదవాడు, దానిమీదే ఆశ పెట్టుకున్నాడని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం చెబుతున్నాయి. అతనికి కారణం ఉంది, అది నిజమైన కారణం కూడా. అయినా ఆ సాయంత్రం దాన్ని వల్లించి కూలివాణ్ని ఓదార్చుకొమ్మనలేదు. కబురు పెట్టి పిలిపించుకోలేదు. గలిలయ దాకా తనే వెళ్లాడు, కూలితో పాటు మూడు గాడిదల బరువు తీసుకువెళ్లాడు, కూలి చేతిలో పెట్టిన తరువాతే నోరు విప్పాడు. ఆ ప్రశ్నలకు ముందు చెల్లింపు ఉంది. అదే ఆసామి పండుగ ముందురోజే "మనిషిని మంచివైపు తూచాలని పెద్దలన్నారు కదా, నా మీద అనుమానపడకు" అని ఉంటే, మాట అదే అయినా అది పచ్చి మోసమయ్యేది. కూలివాడి నోట పుణ్యమైన మాట ఆసామి నోట దోపిడీ అవుతుంది. ఎవరి సగాన్ని వాళ్లు చేశారు గనకే ఆ కథ నిలబడింది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క చోటే ఉంది.

పిర్కె అవోత్ రెండో అధ్యాయంలో హిల్లెల్ అనే గురువు మాటలు ఈ రెండు సగాలనూ పక్కపక్కనే పెడతాయి. చచ్చే రోజు వరకు నిన్ను నువ్వు నమ్ముకోకు అంటాడు, వెంటనే, నీ తోటివాడి చోటికి నువ్వు చేరేదాకా అతనికి తీర్పు చెప్పకు అంటాడు. ఇంకొకరి చోటికి ఎవరూ పూర్తిగా చేరలేరు కాబట్టి ఆ తీర్పు దాదాపు ఎప్పటికీ వాయిదా పడుతూనే ఉంటుంది. తన చోటులో మాత్రం మనిషి ఎప్పుడూ ఉంటాడు, కాబట్టి తన తీర్పు వాయిదా వేసుకునేందుకు అతనికి సాకు లేదు.

తన మీద తాను తీర్పు చెప్పుకోవడం ఎంత కష్టమో చూడాలంటే సమూయేలు గ్రంథాల్లోని ఇద్దరు రాజులను చూడాలి. మొదటి గ్రంథం 15వ అధ్యాయంలో, అమాలేకీయుల పశువులను కూడా మిగల్చవద్దన్న ఆజ్ఞను సౌలు మీరుతాడు. ఆ ఆజ్ఞ నేటి పాఠకుణ్ని కలవరపెడుతుంది, నన్నూ కలవరపెడుతుంది. ఇక్కడ నేను చూస్తున్నది సౌలు జవాబును. గొర్రెల అరుపులేమిటని సమూయేలు ప్రవక్త అడిగితే, జనం వాటిని బలి కోసం ఉంచారంటాడు. గట్టిగా నిలదీస్తే పాపం చేశానంటాడు, కానీ ఆ వాక్యం ముగియకముందే జనానికి భయపడ్డానని చేరుస్తాడు. రెండో గ్రంథం 11, 12 అధ్యాయాల్లో దావీదు చేసినది అంతకంటే ఎన్నో రెట్లు ఘోరం: తన సైనికుడు ఊరియా భార్యను తెచ్చుకున్నాడు, ఊరియాను యుద్ధంలో చంపించాడు. నాతాను ప్రవక్త అతనికి ఒక ధనవంతుడి సంగతి చెబుతాడు. మందలు మందలు పెట్టుకుని కూడా, బీదవాడు బిడ్డలా పెంచుకున్న ఒక్క గొర్రెపిల్లను తీసుకుని అతిథికి వండించాడట. దావీదు మండిపడి, ఆ మనిషి చావదగినవాడు, నాలుగంతలు చెల్లించాలి అంటాడు. దొంగిలించి కోసిన గొర్రెకు నాలుగు గొర్రెలన్నది నిర్గమకాండము చెప్పిన శిక్షే. చావు మాత్రం దావీదు సొంతంగా కలిపినది. పరాయివాడి తప్పు అనుకున్నప్పుడు మనిషి చట్టం కంటే ఎక్కువ శిక్ష ఎంత తేలిగ్గా వేస్తాడో ఇంత సూటిగా చూపిన చోటు మరొకటి నేను చదవలేదు. "ఆ మనిషివి నువ్వే" అన్నాడు నాతాను. దావీదు నేను యెహోవాకు విరోధంగా పాపం చేశాను అన్నాడు, కారణం ఒక్కటీ చెప్పలేదు. సౌలు రాజ్యం పోయింది, దావీదుది నిలిచింది. అయినా ఆ ఒప్పుకోలులో ఊరియా పేరు లేకపోవడం నాకు ముల్లులా గుచ్చుకుంటుంది. చచ్చినవాణ్ని క్షమాపణ అడగలేరు, నిజమే, కానీ ఆ పేరు పలకవచ్చు.

తరువాతి కాలపు రబ్బీలకు, అంటే యూదు మతగురువులకు కూడా ఈ లోటు కనిపించి ఉంటుందని నా ఊహ, ఎందుకంటే దేవుడితో ఒప్పుకోలుకు తోటి మనిషి బాకీని తీర్చే శక్తి లేదని వాళ్లు తెగేసి చెప్పారు. మనిషికీ దేవుడికీ మధ్య ఉన్న తప్పులకు యోమ్ కిప్పూర్ ప్రాయశ్చిత్తం అవుతుందని, మనిషికీ మనిషికీ మధ్య ఉన్నవాటికి ఆ తోటి మనిషిని సమాధానపరచేదాకా కాదని మిష్నాలోని యోమా భాగం చెబుతుంది. పాపం చేస్తాను, యోమ్ కిప్పూర్ నాడు పోగొట్టుకుంటాను అనేవాడికి ఆ రోజు పనిచెయ్యదని కూడా అక్కడే ఉంది. మైమోనిడెస్ దీన్ని ఇంకా వివరంగా రాశాడు. ఇవ్వవలసిన డబ్బు ఇచ్చేసినా సరిపోదు, ఆ మనిషిని బతిమాలుకుని క్షమించమని అడగాలి. ఒప్పుకోకపోతే అతని స్నేహితులు ముగ్గురిని వెంటబెట్టుకుని వెళ్లాలి, అలా రెండోసారి, మూడోసారి కూడా. అప్పటికీ ఒప్పుకోకపోతే వదిలేసి రావచ్చు, ఇప్పుడు పాపం ఆ క్షమించనివాడిది. అదే గురువు అయితే వెయ్యిసార్లయినా వెళ్లాలి. నష్టపోయినవాడు ఈలోగా చనిపోతే, పదిమందిని అతని సమాధి దగ్గరకు తీసుకువెళ్లి, వాళ్ల ఎదుట నేను ఫలానా మనిషికి ఇలా చేశానని చెప్పాలి, బాకీ ఉంటే వారసులకు కట్టాలి. ఊరియాకు దక్కనిది ఇదే.

ఇంత వివరంగా రాయడంలో ఒక కరుణ ఉంది. తనను తాను నిలదీసుకోవడం అంటే రాత్రంతా నిద్రపోకుండా కుమిలిపోవడమని అనుకునేవాళ్లు మన చుట్టూ చాలామంది ఉన్నారు, వాళ్లలో కొందరు ఆ కుమిలిపోవడంతోనే బాకీ తీరిందనుకుంటారు, మరికొందరు ఎప్పటికీ తీరదనుకుని నలిగిపోతారు. ఇక్కడ లెక్కకు మొదలుంది, చివర ఉంది. డబ్బు ఎంతో తెలుసు, ఎవరి ఇంటికి వెళ్లాలో తెలుసు, మూడుసార్లని తెలుసు. అదే పిర్కె అవోత్‌లో రబ్బీ షిమోన్, నీ కళ్లకు నువ్వే దుర్మార్గుడివి కావద్దంటాడు. నేను ఇంతేనని తీర్మానించుకున్నవాడు మారే ప్రయత్నం కూడా మానేస్తాడు కదా. పశ్చాత్తాపం పూర్తయిందనడానికి మైమోనిడెస్ చెప్పిన గుర్తు కూడా కన్నీళ్లు కాదు: అదే తప్పు చేసే అవకాశం మళ్లీ వచ్చి, చేసే శక్తీ ఉండి, చెయ్యకుండా ఉండటం.

ఇతరులకు చట్టం చెప్పవలసిన స్థానంలో ఉన్నవాడి సంగతి ఏమిటన్న ప్రశ్న రావచ్చు. మంచివైపు తూచుకుంటూ కూర్చుంటే న్యాయమూర్తి తీర్పు ఎలా చెబుతాడు? దీనికి బావా బత్రా భాగం 60వ పత్రంలో రబ్బీ యన్నాయ్ చెట్టు సమాధానం. ఆయన చెట్టు ఒకటి వీధిలోకి వాలి ఉండేది. ఇంకొకతని చెట్టు కూడా అలాగే ఉంటే దారిన పోయేవాళ్లు అభ్యంతరం చెప్పారు, తగవు రబ్బీ దగ్గరకే వచ్చింది. ఇవాళ వెళ్లి రేపు రమ్మన్నాడు ఆయన. ఆ రాత్రి మనుషులను పంపి తన చెట్టు కొట్టించేశాడు. మర్నాడు ఆ మనిషి వస్తే చెట్టు కొట్టెయ్యమన్నాడు. మీదీ ఉంది కదండీ అన్నాడతను. వెళ్లి చూడు, నాది కొట్టేసి ఉంటే నీదీ కొట్టు, లేకపోతే నువ్వూ కొట్టకు అన్నాడు రబ్బీ. అంతకుముందే ఎందుకు కొట్టించలేదన్న ప్రశ్న తాల్ముద్ తనే వేసి జవాబు చెబుతుంది: వీధి జనం ఆ నీడన కూర్చోవడం ఇష్టపడుతున్నారని ఆయన అనుకున్నాడు, వాళ్లు అడ్డు చెబుతున్నారని తెలిశాక కొట్టించాడు. తాల్ముద్ ఆ రబ్బీని కూడా మంచివైపే తూచిందన్నమాట. ఆయన మాత్రం తన నీడ ఎంతమందికి ఉపయోగపడిందో తగవుకు వచ్చినవాడికి చెప్పలేదు.

పుట్టుక మీద తీర్పులు చెప్పేవాళ్ల గురించి తాల్ముద్ కిద్దుషీన్ భాగంలో ష్మూయేల్ అనే పండితుడు అన్న మాట ఒకటుంది: ఇతరులను పనికిరారని అనేవాడు తనలో ఉన్న మచ్చనే వాళ్లకు అంటగడతాడు. మనకు ఇది దూరపు మాట కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, తాము ఇశ్రాయేలు గోత్రాల్లో ఎఫ్రాయిము సంతతి వాళ్లమని చెప్పుకునే బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు సమాజం ఉంది, వాళ్లకొక సినగాగు (యూదు ప్రార్థనా మందిరం) ఉంది. మాదిగ కుటుంబాల నుంచి వచ్చిన వాళ్లు ఇది ఏ లాభం కోసం చేస్తున్నారోనని తేలిగ్గా అనేసేవాళ్లు, శనివారం పని మానే సబ్బాతు పాటించడానికి ఒక ఊరి కూలి ఏం వదులుకోవాలో లెక్క వేసి చూశారా అని నాకు అనిపిస్తుంది.

ఇక ఈ నియమాన్ని అన్నిటికంటే ఎక్కువగా పాడుచేస్తున్న వాడకం గురించి. ఊళ్లలో పంచాయితీ జరిగేటప్పుడు పెద్దమనుషులు నష్టపోయినవాడి వైపే తిరిగి "పోనిద్దురూ, జరిగిందేదో జరిగిపోయింది, పెద్ద మనసు చేసుకోండి" అనడం చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. ఆ పెద్ద మనసుకు అయ్యే ఖర్చులో ఒక్క రూపాయి కూడా ఆ పెద్దమనుషులది కాదు. యూదు సమాజాల్లో కూడా పిల్లల మీద అత్యాచారాలు జరిగినప్పుడు మంచివైపు తూచాలన్న మాటను, పరుల గురించి చెడు మాట్లాడకూడదన్న నియమాన్ని అడ్డం పెట్టి బాధితుల నోరు నొక్కిన సందర్భాలు ఉన్నాయి, ఆ సమాజాల లోపలివాళ్లే దాని మీద గట్టిగా పోరాడుతున్నారు. వాళ్లకు గ్రంథాల బలం కావలసినంత ఉంది. న్యాయంగా నీ తోటివాడికి తీర్పు తీర్చమన్న లేవీయకాండము 19వ అధ్యాయమే, తరువాతి వచనంలో తోటివాడి రక్తం చిందుతుంటే ఊరకే నిలబడవద్దంటుంది, ఆ తరువాతి వచనంలో మనసులో ద్వేషం పెట్టుకోకుండా ఎదురుగా మందలించమంటుంది. చాడీలకు వ్యతిరేకంగా 1873లో ఒక గ్రంథమే రాసి, ఆ గ్రంథం పేరుతోనే హఫేత్స్ హయీమ్‌గా ప్రసిద్ధుడైన రబ్బీ ఇస్రాయేల్ మేయర్ కగన్ కూడా, ఇతరులకు హాని తప్పించడానికి మాట్లాడవలసి వస్తే మాట్లాడాలనే రాశాడు: కళ్లారా చూసి నిర్ధారించుకో, ఉన్నదానికి ఒక్క ముక్క కలపకు, పగ తీర్చుకోవడానికి వాడుకోకు.

కాబట్టి ఎవరికి ఎంత క్షమించే హక్కుందో ముందు తేల్చుకోవాలి. నాకు రావలసిన కూలిని నేను ఆలస్యంగా తీసుకోవచ్చు, నన్ను అన్న మాటకు మంచి అర్థం వెతకవచ్చు. నా చెల్లెలికి జరిగిన అన్యాయానికి, నా పక్కింటి పిల్లకు జరిగిన హింసకు నేను మంచి కారణం వెతికితే అది నాది కాని సొమ్మును దానం చెయ్యడం. పంచాయితీ పెద్దలు చెయ్యవలసినది, నష్టపోయినవాణ్ని కూర్చోబెట్టి బుజ్జగించడానికి ముందు, నష్టం చేసినవాడి ఇంటికి వెళ్లి, అతను ఎంత ఇవ్వాలో లెక్క కట్టించి, ఆ లెక్కతో అతనే బయలుదేరేలా చూడటం.